వెనుక నడుచువాడు

ధ్యానించవలసిన వాక్యభాగములు: ఆదికాండము 33:12-17, యోహాను 20:1-18.

గడచిన శ్రమకాలములో ఒక బుధవారపు సాయంకాల ప్రార్థన ముగిసిన పిమ్మట మా సంఘపు తల్లి యొకామె నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా పిల్ల కోసం ప్రార్థన చెయ్యండి. శనివారం శనివారం పొద్దున్నే లేచి ఏదో పార్కుకి పోయి పరుగెత్తుతోందంట. దేశం కాని దేశంలో దానికి ఇదేం పనండీ?" అని వాపోయెను. ఆ పిల్ల ఇంగ్లాండులో ఒక ఆసుపత్రిలో నర్సు. మా సండేస్కూలులో కంఠత వాక్యములు చెప్పి బహుమానములు తీసికొనిన పిల్లయే. చాపలు చుట్టుచున్న సంఘపెద్ద యొకరు ఈ మాట విని, "పొలంలో పని లేనోళ్ళు పార్కులో పరుగెత్తుతారమ్మా. మన గేదె పలుపు తెంచుకుంటే మనమూ పరుగెత్తటం లేదా? దానికి పార్కెందుకు?" అనిరి. అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

ఆ రాత్రి ఆ తల్లి తన ఫోనులో కూతురితో నన్ను మాట్లాడించినది. నేను కొంచెము మందలింపు ధోరణిలోనే మొదలుపెట్టితిని. అరగంట గడచునప్పటికి మందలించుట మరచి వినుచుంటిని. తరువాత ఆ సంగతినిగూర్చి మరికొంత చదివి తెలిసికొంటిని. అప్పటినుండి ఒక ప్రశ్న నన్ను విడువలేదు. ఎవరును గెలువని పరుగునకు అర్థమున్నదా? అందరికంటె వెనుక వచ్చువానికి ఆ పరుగులో ఏమి పాలున్నది? ఇది పార్కులో పుట్టిన ప్రశ్నయే గాని మన గుడి గుమ్మము దాటి లోపలికి వచ్చి కూర్చున్నది గనుక మీ ముందుంచుచున్నాను.

ఆ పరుగు పేరు పార్క్‌రన్. 2004 అక్టోబరు 2వ తేదీన, ఒక శనివారము, లండను నగరములో టెడ్డింగ్టన్ ప్రక్కనున్న బుషీ పార్కులో అది మొదలాయెను. జింకలు స్వేచ్ఛగా తిరుగు పెద్ద తోట అది. మొదలుపెట్టినవారు పాల్ సింటన్-హ్యూయిట్ అనువారు. ఆయన పరుగంటే ప్రాణమున్న మనిషి. కాని ఆ దినములలో దెబ్బ తగిలి పరుగెత్తలేక యుండెను. తాను పరుగెత్తలేకపోయినను తన స్నేహితులకు దూరము కాకూడదని, వారు పరుగెత్తుచుండగా తాను గడియారము పట్టుకొని నిలువబడుటకు సిద్ధపడెను. ఆ మొదటి శనివారము పరుగెత్తినవారు 13 మంది మాత్రమే. గమ్యము చేరినవారి వరుస తెలియుటకు ఇనుప సామానుల కొట్టులో దొరకు వాషరు బిళ్లలమీద అంకెలు వేసి చేతికిచ్చిరట. నేడు ఇరువదికి పైగా దేశములలో జరుగుచున్న ఈ పరుగు, పరుగెత్తలేని ఒక మనిషి చేత మొదలైనదను సంగతి నాకు చాల ఇష్టమైనది.

ఇంగ్లాండులో ప్రతి శనివారము ఉదయము 9 గంటలకు జనులు పార్కులో కూడుదురు. దూరము 5 కిలోమీటర్లు, అనగా మూడు మైళ్లకు కాస్త ఎక్కువ. రుసుము లేదు. ఒక్కసారి పేరు వ్రాయించుకొన్నయెడల గీతల గుర్తుగల బార్‌కోడ్ ఒకటి ఇత్తురు. అది వెంట తెచ్చుకొనిన చాలును. పరుగెత్తువారు పరుగెత్తవచ్చును, నడచువారు నడువవచ్చును. నడచువారు మొహమాటపడుచున్నారని గ్రహించి 2022లో, నడచుటకే రండని ప్రత్యేకముగా పిలుపునిచ్చిరి. చంటిపిల్లల బండ్లు త్రోసికొనుచు తల్లులు వత్తురు, చూపులేనివారు తోడుగా నడిపించువారితో వత్తురు. 2017లో హేవరిగ్ అను చోట జైలు గోడల లోపలనే ఈ పరుగు మొదలైనది; అక్కడ ఖైదీలును కావలివారును ఒకే బాటలో పరుగెత్తుదురు. 2018 నుండి ఆ దేశపు కుటుంబ వైద్యుల రాయల్ కాలేజీ వీరితో చేయి కలిపినది. రోగికి మాత్రలు వ్రాయు వైద్యుడే పార్కునకు వెళ్లుమని కూడ చెప్పుచున్నాడన్నమాట. మన పిల్ల మొదట వెళ్లినది కూడ ఒంటిలో చక్కెర కాస్త ఎక్కువగా నున్నదని తెలిసినందుననే. మరియొక కారణము తల్లికి చెప్పలేదు గాని నాకు చెప్పినది. ఆసుపత్రి పనిలో తప్ప ఆమెను పేరుపెట్టి పిలిచిన మనిషి మూడు నెలలు లేడు.

మొదటి శనివారము ఏమి జరిగినదో ఆమె మాటలలోనే చెప్పెదను. "అందరూ వెళ్ళిపోయారు అయ్యగారూ. ముసలోళ్ళు కూడా నన్ను దాటిపోయారు. సిగ్గేసింది. చెట్ల చాటుగా పక్కకి తప్పుకుని రూముకి పోదామనుకున్నా. వెనక్కి చూస్తే ఒక పెద్దాయన మెరిసే చొక్కా వేసుకుని నడుస్తున్నాడు. నా వల్ల మీకు ఆలస్యం అవుతోంది, మీరు పొండి అన్నా. ఆయన నవ్వి, ఈ వేళ చివర రావటమే నా పని, మీరు నా కంటే ముందున్నారు అన్నాడు."

ఆ పెద్దమనిషి చేయుచున్నది ఒక నియమింపబడిన సేవ. ప్రతి పరుగులోను ఒకరు అందరికంటె వెనుక నడువవలెను. ఆ వెనుక నడుచువాడు చేరువరకు గమ్యమునొద్దనున్నవారు కదలరు, గడియారము ఆగదు. ఆ దినపు పట్టికలో మన పిల్ల పేరు క్రిందినుండి రెండవది. ఆమె పేరు క్రింద ఆ పెద్దాయన పేరున్నది. ఎంత మెల్లగా నడచినవారైనను చివరివారు కాకుండునట్లు ఆ స్థానమును ఒకరు ముందే తనదిగా తీసికొనియున్నారు. "నా వెనకాల ఒక మనిషి ఉన్నాడని తెలిసిన కాణ్ణించీ కాళ్ళు తేలికైనాయి అయ్యగారూ" అని ఆమె అనినది. నేను ఫోను పెట్టేసిన తరువాత చాలసేపు అరుగుమీదనే కూర్చుంటిని.

మరుసటి ఆదివారము యౌవనుల కూటములో ఈ సంగతి చెప్పితిని. డిగ్రీ చదువుచున్న పిల్లవాడొకడు లేచి, "గెలుపు లేకపోతే పరుగెందుకు అయ్యగారూ? పౌలు గెలవటానికే పరుగెత్తమన్నాడు కదా?" అని అడిగెను. మంచి ప్రశ్నయే. 1 కొరింథీయులకు 9వ అధ్యాయములో, పందెములో అందరును పరుగెత్తినను బహుమానము ఒక్కనికే వచ్చునని అపొస్తలుడు చెప్పుచున్నాడు. కొరింథు పట్టణమునకు దగ్గరలోనే ఇస్త్మియ ఆటలు జరుగుచుండెడివి. గెలిచినవాని తలమీద ఆకుల కిరీటము పెట్టెడివారు. ఆ ఊరివారికి ఆ మాట వెంటనే తెలియును. అయితే పౌలు ఆ పిదప ఏమనుచున్నాడో చూడుడి. మీలో ఒకడు గెలువవలెనని చెప్పలేదు. మీరందరు ఆలాగే పరుగెత్తుడని సంఘమంతటికి చెప్పుచున్నాడు. ఒక్కనికే బహుమానమున్న పందెములో అందరును పొందునట్లు పరుగెత్తుట ఎట్లు కుదురును? లోకపు పందెములో కుదరదు. తన అంత్యకాలమందు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయములో, తనకొరకు ఉంచబడిన కిరీటము తనకు మాత్రమే గాక ప్రభువు ప్రత్యక్షతను ప్రేమించు వారందరికిని కలదని పౌలే చెప్పెను. నీకు కిరీటము దొరకినందున నాది పోదు. నేను నిన్ను మోచేతితో నెట్టవలసిన పని లేదు.

మోచేతితో నెట్టు పందెమొకటి బైబిలులోనే యున్నది. బేతెస్ద కోనేటియొద్ద, నీళ్లు కదలింపబడగానే మొదట దిగినవాడే బాగుపడునని అందరును ఎదురుచూచుచుండిరి. అది స్వస్థత కొరకైన పందెము. దానిలో ఎవడు గెలుచును? అందరికంటె తక్కువ రోగము గలవాడు. నిజముగా కాలు చేయి పడిపోయినవాడు ప్రతిసారి ఓడవలసినదే. 38 ఏండ్లనుండి వ్యాధితోనున్న ఆ మనుష్యుడు, నేను వచ్చునంతలో మరియొకడు నాకంటె ముందుగా దిగుచున్నాడని చెప్పుకొనెను. ప్రభువు అతనికి వేగముగా దిగు ఉపాయము నేర్పలేదు. పందెమునే ప్రక్కకు నెట్టి అతని యొద్దకు తానే వచ్చెను.

అట్లని ఆ పార్కు పరుగులో వేగమును దాచిపెట్టుట లేదు. ఇది కొందరు అపార్థము చేసికొందురు. ఎవరు ఎంతసేపటిలో చేరిరో నిమిషము, సెకను సహితముగా వ్రాయుదురు. మన పిల్లకు మొదటిసారి 58 నిమిషములు పట్టినది, అదే వ్రాసిరి. ముందు వచ్చిన కుర్రవాడు మూడు మారులు పూర్తిచేయగలిగినంత కాలమది. నీవును అతనితో సమానముగా పరుగెత్తితివని ఎవడును ఆమెను ముఖస్తుతి చేయలేదు. అయితే 2024 ఫిబ్రవరిలో ఆ నిర్వాహకులు, ఏ పార్కులో ఎవరు అత్యధిక వేగముతో పరుగెత్తిరో తెలుపు రికార్డుల జాబితాలను తీసివేసిరి. క్రొత్తవారు వాటిని చూచి ఇది మనకు కాదని జడియకూడదని వారి ఉద్దేశము. వేగముగలవారు కొందరు సణిగిరి. నాకు వారియందు కొంత సానుభూతి కలదు. దేవుడిచ్చిన కాళ్లతో బాగుగా పరుగెత్తినవాడు సంతోషించుట తప్పు కాదు. తప్పు ఎక్కడనగా, తన వేగమును తన విలువ అనుకొనుటలోను, ఎదుటివాని ఆలస్యమును వాని విలువ అనుకొనుటలోను. మన ఇండ్లలో పిల్లల మార్కులు వచ్చు దినమున ఏమి జరుగుచున్నదో మీకు తెలియును. నేను ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఉచితమను మాటనుగూర్చి కూడ ఒకటి చెప్పవలెను. 2016లో బ్రిస్టల్ నగరము దగ్గర లిటిల్ స్టోక్ పార్కు విషయములో, అక్కడి స్థానిక కౌన్సిలువారు, అనగా మన పంచాయతీ వంటివారు, ఈ పరుగు నడుపువారు రుసుము చెల్లించవలెనని తీర్మానించిరి. బాటలు అరిగిపోవుచున్నవి, బాగుచేయుటకు డబ్బెక్కడిదని వారి వాదము. పరుగు నడుపువారు రుసుము ఒప్పుకొనలేదు. అక్కడ పరుగు ఆగిపోయినది. నేనైతే ఆ కౌన్సిలువారిని వట్టి లోభులని అనలేను. బాట అరుగునది నిజమే. ఉచితముగా వచ్చినదానికి ఎక్కడో ఎవడో వెల చెల్లించుచున్నాడు. ఆ పరుగులో ఆ వెలలో పెద్ద భాగము సేవకులే చెల్లించుచున్నారు: గడియారము పట్టువారు, మలుపులలో నిలిచి త్రోవ చూపువారు, పేర్లు నమోదు చేయువారు, వెనుక నడుచువారు. వీరెవరికిని జీతము లేదు. నూరుసారులు పరుగెత్తినవారికి గౌరవమున్నట్లే నూరుసారులు సేవ చేసినవారికిని గౌరవమున్నది. మన పిల్ల కూడ రెండు నెలలు కాకముందే ఒక శనివారము మలుపునొద్ద నిలిచి చప్పట్లు కొట్టినదట. "నన్ను ఎవరూ పిలవలేదు అయ్యగారూ, నాకే నిలబడాలనిపించింది" అనినది. మన ఊళ్లలో గుడి ఊడ్చుటకు మనిషి దొరకని ఆదివారములు నాకు జ్ఞాపకము వచ్చినవి.

ఇంకొక చిన్నమాట. 4 ఏండ్లు మొదలుకొని 14 ఏండ్ల పిల్లలకు 2 కిలోమీటర్ల పరుగు ఆదివారము ఉదయమున జరుగుచున్నది. ఇది నాకు నచ్చలేదు. 1924లో పారిసు ఒలింపిక్ ఆటలలో ఎరిక్ లిడెల్ ఆదివారము పడినదని తన కనుకూలమైన 100 మీటర్ల పరుగును వదలుకొని, 400 మీటర్లలో పరుగెత్తి బంగారు పతకము పొందిన సంగతి మన పెద్దలు మాకు చెప్పుచుండెడివారు. ఆయన తరువాత చైనాకు మిషనెరీగా వెళ్లి 1945లో అక్కడ నిర్బంధ శిబిరములో మరణించెను. ఆ దేశములోనున్న మన బిడ్డల బిడ్డలు ఆదివారము ఉదయమున ఎటు వెళ్లవలెనో వారి తల్లిదండ్రులు ప్రార్థించి నిర్ణయించుకొందురు గాక. శనివారపు పరుగు విషయములో నాకు అభ్యంతరము లేదు. శరీర సాధకము కొంచెము మట్టుకు ప్రయోజనకరమని పౌలు తిమోతికి వ్రాసెను; ఆ కొంచెమును మనము కాదనరాదు. నవ్విన పెద్దగారికి కూడ ఇప్పుడు చక్కెర మాత్రలున్నవి. వరి కోత యంత్రము వచ్చినది, పొలమునకు మోటారుసైకిలు మీద పోవుచున్నారు, గేదెలు కూడ ఒకప్పటివలె పలుపు తెంచుకొనుట లేదు.

ఇప్పుడు వెనుక నడుచువాని యొద్దకు మరల వచ్చెదను.

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు తన నాలుగువందల మందితో వచ్చి, పద, కలిసి పోవుదమని యాకోబును పిలిచెను. యాకోబు, పిల్లలు పసివారు, పాలిచ్చు పశువులున్నవి, ఒక్కనాడు వడిగా తోలిన యెడల మంద అంతయు చచ్చును, నేను పశువుల నడకనుబట్టియు పిల్లల నడకనుబట్టియు మెల్లగా వచ్చెదనని చెప్పెను. ఆయన శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు వెళ్లిన సంగతి 17వ వచనములో నున్నది. ఆ భాగములో యాకోబును సమర్థించుట నా వల్ల కాదు. కాని మంద నడకను ఎరిగినవాడు మాత్రము. గొఱ్ఱెలు కాచువారిని అడిగి చూడుడి. కాపరి ఎప్పుడును ముందే నడువడు. ఈనిన గొఱ్ఱె, కుంటి మేక ఉన్న దినమున వెనుకనే నడచును. అరణ్యములో ఇశ్రాయేలీయులు ప్రయాణమైనప్పుడు దాను గోత్రము అన్ని పాళెములకును వెనుకటి కావలిగా నియమింపబడినదని సంఖ్యాకాండము 10:25లో నున్నది. అమాలేకీయులు ఎవరిమీద పడిరి? ముందు నడచు యోధులమీద కాదు. అలసి సొలసి వెనుకబడిన బలహీనులమీద పడిరని ద్వితీయోపదేశకాండము 25:18 చెప్పుచున్నది. అందుకే యెషయా 52:12లో ప్రభువు ముందు నడుచుటతో చాలించలేదు. తన జనుల వెనుకటి భాగమును కూడ తానే కాయుదునని వాగ్దానము చేసెను.

ఇదంతయు నాకు తెలియును. సెమినరీలో చదువుకొన్నాను. యౌవనుల కూటములో ఆ మెరిసే చొక్కా పెద్దాయననుగూర్చి చెప్పి అందరి మనస్సులను కరిగించితిని. అప్పటికి ఈస్టరు పండుగకు ఇంక మూడు వారములున్నది.

ఈస్టరునాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు మా సంఘము గుడియొద్ద కూడి, పాటలు పాడుకొనుచు కాలువగట్టు మీదుగా సమాధుల తోటకు నడచును. మైలున్నర దూరము. నేను ముందు నడచుచు పాట ఎత్తుకొనెదను. డప్పులతో కుర్రవాండ్రు నా ప్రక్కన నుందురు. ఆ దినమున గాలి చల్లగా నున్నది, పాట బాగుగా కుదిరినది, మేము గట్టుమీద వడివడిగా నడచితిమి. తోటలో ఆరాధన జరిగినది. నేను యోహాను 20వ అధ్యాయమునుండి ప్రసంగించితిని. ఆ తరువాత టీ పోయుచుండగా గ్లాసు ఒకటి మిగిలినది. ఎవరిదని లెక్క చూడగా, మా సంఘములో కఱ్ఱ ఊతతో నడచు ఒక అవ్వ రాలేదని తేలినది. గుడియొద్ద ఆమెను చూచినవారు పదిమంది యున్నారు. గట్టుమీద చూచినవారు ఒక్కరును లేరు. ఆమె భర్త సమాధి ఆ తోటలోనే యున్నది. ముందు దినమున మనుమనిచేత సున్నము వేయించుకొని, పూలు తెప్పించుకొని, చీకటితో బయలుదేరిన మనిషి.

మధ్యాహ్నము నేను ఆమె ఇంటికి వెళ్లితిని. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. మంచము వాల్చి కూర్చోమని, మజ్జిగ ఇచ్చి, "మీరు పాట ఎత్తుకున్నారు నాయనా. పాటెంట నడిచాను. పాట దూరమైపోయింది. ఇంక చీకటే మిగిలింది. గట్టు మీద కాలు జారిద్దేమోనని వెనక్కొచ్చేశాను" అనినది. పూలు ఇంటి గుమ్మమునొద్ద చెంబులో నున్నవి.

ఆ ఉదయమున నేను ప్రసంగించిన అధ్యాయమునే ఆ రాత్రి మరల తెరచితిని. మీరును తెరచి చూడుడి. ఈస్టరు ఉదయమున ఒక పరుగు జరిగినది. పేతురును, ఆ వేరొక శిష్యుడును కలిసి పరుగెత్తిరి. ఆ శిష్యుడు పేతురుకంటె త్వరగా పరుగెత్తి సమాధియొద్దకు ముందుగా చేరెనని 4వ వచనము చెప్పుచున్నది. సువార్తికుడు అది కూడ దాచలేదు. ఎవరు ముందో ఎవరు వెనుకో వ్రాసెను. ముందు చేరినవాడు లోపలికి పోక నిలిచెను. వెనుక వచ్చిన పేతురు ముందు ప్రవేశించెను. ఇంతవరకు నేను ప్రతి ఈస్టరునకు చెప్పుచునే యున్నాను. నేను చూడనిది మరియ. ఆమె అప్పటికే ఒకసారి సమాధినుండి శిష్యులయొద్దకు పరుగెత్తినది. అది 2వ వచనములో నున్నది. వారిద్దరు బయలుదేరి పరుగెత్తిన తరువాత ఆమె మరల సమాధియొద్దకు ఎప్పుడు చేరినదో ఎవరును వ్రాయలేదు. వారితో కూడ పరుగెత్తెనని లేదు. ఆమె అలసి, ఏడ్చుచు, వెనుకగా ఒంటరిగా నడచి వచ్చియుండునని నేననుకొనుచున్నాను. ఇది నా ఊహ, వాక్యము కాదు. వాక్యము చెప్పునది ఏమనగా, పరుగెత్తి వచ్చిన ఇద్దరు నారబట్టలు చూచి ఇంటికి తిరిగి వెళ్లిరి. మరియ సమాధి బయట నిలిచి ఏడ్చుచుండెను. ఆమె వెనుకతట్టు తిరుగగా యేసు నిలిచియుండుట చూచెను. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచెను.

నేను ఆ ఉదయమున తోటలో చెప్పిన ప్రసంగము, నేను గట్టుమీద విడిచి వచ్చిన అవ్వయొద్దనే జరిగినదేమో. నేను అక్కడ లేను.

మీ సంఘములలోను పాట వెంట నడువలేనివారు కలరు. చదువు రానందున పాటల పుస్తకము తెరువలేనివాడు, త్రాగుడు మాని మూడుసారులు మరల పడినవాడు, కానుకల దినమున చేయి ఖాళీగా నున్నందుకు గుడికి రాని కూలి తల్లి. వీరెవరును అవిశ్వాసులు కారు. వీరి వెనుక మనిషి లేడు, అంతే. ప్రక్కకు తప్పుకొనుటకు చెట్ల చాటు ఎప్పుడును సిద్ధముగానే యున్నది.

పోయిన నెల సంఘపెద్దల కూటములో ఈ సంగతి పెట్టితిని. వచ్చు ఈస్టరునకు ఊరేగింపులో అందరికంటె వెనుక నడచుటకు ఒకరిని నియమించవలెనని చెప్పితిని. ఎవరును ముందుకు రాలేదు. వెనుక నడచువాడు తోటకు చేరునప్పటికి ప్రార్థన సగము అయిపోవునని ఒకరి బాధ. అతడు చేరువరకు ప్రార్థన మొదలుపెట్టకూడదని నేనంటిని. సూర్యోదయము తప్పిపోవునని మరియొకరనిరి. తప్పిపోయినను సరే అంటిని. దానిమీద కొంత వాదము జరిగినది. చివరకు, ఎవరును రానిచో నేనే వెనుక నడిచెదనంటిని. "అయ్యగారు ముందుండకపోతే ఊరేగింపు ఎట్టా ఉంటది?" అని అందరును ఒక్కసారే అనిరి.

అప్పుడు, గేదె పలుపు మాట చెప్పి మమ్ములను నవ్వించిన పెద్దగారే, "అయ్యగారు వెనకాలే నడవనియ్యండి. పాట కూడా వెనక నుంచే ఎత్తుకోనియ్యండి. ముందున్నోళ్ళు పాట వినపడేంత దూరంలోనే నడుస్తారు" అనిరి. డప్పులు కొట్టు కుర్రవాండ్రకు ఇది రుచింపలేదు. నడక మెల్లనైన యెడల దరువు చచ్చిపోవునట. దరువు సంగతి వారు నేర్చుకొనుచున్నారు. అవ్వకు ఈ మాట చెప్పి పంపితిని. కఱ్ఱకు అడుగున క్రొత్త రబ్బరు బిళ్ల వేయించమని మనుమనికి చెప్పినదట.